సముద్రం అప్పగించే మృతులు

కాట్రేనికోన మండలంలో నవంబరు మొదటి వారానికి రెండు జ్ఞాపకాలు కలిసి వస్తాయి. రెండో తారీఖున సమాధుల పండుగ. క్రైస్తవ కుటుంబాలు శ్మశానానికి వెళ్లి, గడ్డి పీకి, సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, చీకటి పడ్డాక కొవ్వొత్తులు వెలిగిస్తాయి. నాలుగు రోజులు తిరిగేసరికి ఆరో తారీఖు. 1996లో ఆ రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. బలుసుతిప్ప, భైరవపాలెం లాంటి ఊళ్ల నుంచి వేటకు వెళ్లినవాళ్లలో చాలామంది ఒడ్డుకు రాలేదు. వాళ్లలో ఎందరికో సమాధి లేదు.

ఈ రెండు తారీఖుల నడుమ ఒక సాయంత్రం ఇద్దరి మధ్య జరిగిన వాదన ఇది. మావయ్య సహోదర సంఘంలో పెద్ద, ఊరూరా కూటాలు నడిపినవాడు. మేనకోడలు హైస్కూల్లో సోషల్ టీచరు. అదే సంఘంలో పెరిగి, అదే బైబిలు చదివి, కొన్ని విషయాల్లో వేరే అభిప్రాయానికి వచ్చింది. ముందురోజు ఇద్దరూ ఒక ఆదరణ కూటానికి వెళ్లారు. మాట అక్కడే మొదలైంది.

మేనకోడలు: మావయ్యా, నిన్న వచ్చిన బోధకుడి మాటలు మీకు సబబుగానే అనిపించాయా? ఆ ముసలామె తమ్ముడు పోయాడని కదా అందరం వెళ్లాం. ఆమె భర్త తొంభై ఆరు తుపానులో వేటకెళ్లి రాలేదని, ఆయన బాప్తిస్మం తీసుకోలేదని అక్కడ అందరికీ తెలుసు. అది తెలిసి కూడా ఆ బోధకుడు మైకులో, రక్షణ లేకుండా పోయినవాళ్లు ఈ క్షణాన అగ్నిలో కేకలు పెడుతున్నారన్నాడు. ఆమె చీరకొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. దాన్ని ఆదరణ అంటారా?

మావయ్య: చెప్పిన తీరు నాకూ నచ్చలేదమ్మా. ఏడ్చేవాళ్ల ముందు ఏం మాట్లాడాలో ఆయనకి తెలియలేదు. అలాగని ఆ సంగతి లేఖనంలో లేదని మాత్రం అనకు. లూకా పదహారో అధ్యాయం తియ్యి. ధనవంతుడు చనిపోయి పాతిపెట్టబడ్డాడు. ఆ వెంటనే పాతాళంలో బాధపడుతూ కళ్లెత్తి చూశాడు. నాలుక చల్లార్చుకోడానికి నీటిచుక్క అడిగాడు. అతని అన్నదమ్ములు ఇంకా ఇంటిదగ్గరే బతికున్నారు. అంటే ఈ లోకం నడుస్తుండగానే అక్కడ బాధ మొదలైపోయింది.

మేనకోడలు: అది ఉపమానం కదా. పరలోకం, పాతాళం ఎలా కట్టారో చెప్పడానికి చెప్పిన కథ కాదు.

మావయ్య: ప్రభువు చెప్పిన ఉపమానాల్లో మనిషికి పేరు పెట్టింది అదొక్కదాంట్లోనే. లాజరు. సరే, ఉపమానమే అనుకుందాం. విత్తేవాడి ఉపమానంలో పొలం నిజం, విత్తనం నిజం. తప్పిపోయిన కుమారుడి కథలో పందులు నిజం, ఆకలి నిజం. లేని లోకాన్ని ఉన్నట్టు చూపించి ఆయన పాఠం చెబుతాడా?

మేనకోడలు: మరి ప్రసంగి తొమ్మిదో అధ్యాయాన్ని ఏం చేద్దాం? చచ్చినవాళ్లకి ఏమీ తెలియదని అక్కడ ఉంది. వాళ్ల ప్రేమా పగా అసూయా అన్నీ నశించాయని ఉంది. ఆదికాండంలో దేవుడు ఆదాముతో మంటివి, మన్నైపోతావన్నాడే గానీ నీలో చావులేని ఆత్మ ఒకటుంది, అది వేరే చోటికి పోతుందని చెప్పలేదు. బేతనియ లాజరు నాలుగు రోజులు సమాధిలో ఉన్నాడు. బయటికొచ్చాక అక్కడ చూసిందాని గురించి ఒక్క మాట కూడా సువార్తలో లేదు. అతను నిద్రపోయాడని యేసు ముందే శిష్యులతో అన్నాడు.

మావయ్య: ప్రసంగి సూర్యుని క్రింద కనబడేదాన్ని బట్టి మాట్లాడాడు. అదే పుస్తకం పన్నెండో అధ్యాయంలో మన్ను మంటికి చేరుతుంది, ఆత్మ దాన్నిచ్చిన దేవుని దగ్గరికి పోతుంది అన్నాడు. లాజరు మాట్లాడలేదంటే ఏమీ చూడలేదనేనా? పౌలు పరదైసులోకి ఎత్తబడి, అక్కడ విన్నది మనిషి పలకకూడనిదని ఊరుకున్నాడు. ఇంకా చెప్పు, సిలువ మీద దొంగతో ప్రభువు నేడే నాతో పరదైసులో ఉంటావని అన్నాడా లేదా? పౌలు చెరసాల్లోంచి ఫిలిప్పీయులకి రాస్తూ, వెళ్లిపోయి క్రీస్తుతో ఉండటం చాలా మేలన్నాడు. తెలివి లేని నిద్రే అయితే అందులో మేలేముంది?

మేనకోడలు: నిద్రపోయినవాడికి కాలం తెలియదు కదా మావయ్యా. కళ్లు మూయటం, పునరుత్థానం రోజున తెరవటం, మధ్యలో యుగాలు గడిచినా అతనికి ఒక్క క్షణమే. కళ్లు తెరిచేసరికి ఎదురుగా క్రీస్తే ఉంటాడు. పౌలు అలా అనుకుని రాయొచ్చు.

మావయ్య: రాయొచ్చు అంటున్నావు. రాశాడని చూపించలేవు. అది నీ ఊహ, పౌలు మాట కాదు. ఈ బోధ నీకు సెవెంత్ డే అడ్వెంటిస్టుల దగ్గర అబ్బినట్టుంది. నరసాపురం రుస్తుంబాదలో వాళ్ల బడిలో చదువుకున్న నీ స్నేహితురాలు ఇదే చెబుతుంది.

మేనకోడలు: ఆమె చెప్పింది నిజమే. అయినా ఈ తగువు అడ్వెంటిస్టులకంటే పాతది. సంఘ సంస్కరణ రోజుల్లో మరణం గాఢనిద్ర లాంటిదని చాలాచోట్ల రాసినవాడు లూథరే. ఆత్మ నిద్రపోదని వాదించడానికే కాల్విన్ 1534లో తన తొలి వేదాంత గ్రంథం రాశాడు. అంత పెద్దవాళ్లే ఒక్కమాట మీద లేనిచోట, నిన్నటి బోధకుడు తన కళ్లతో చూసొచ్చినట్టు ఎలా చెప్పాడన్నదే నా బాధ. థెస్సలొనీకలో కొందరు చనిపోయారు. మిగిలినవాళ్లు కుమిలిపోతున్నారు. పౌలు వాళ్లకి ఏం రాశాడు? మీవాళ్లు ఇప్పటికే పైన ఉన్నారని రాయలేదు. ప్రభువు వచ్చేటప్పుడు వాళ్లు లేస్తారు, మనమూ వాళ్లతో కలిసి ఆయన్ని ఎదుర్కొంటాం, ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోండి అన్నాడు. ఆదరణకి ఆయన వాడింది పునరుత్థానాన్ని.

మావయ్య: ఆ మాట ఒప్పుకుంటున్నా. మన కూటాల్లో ఆత్మ పైకి పోయిందని చెప్పి ఆపేస్తాం. శరీరం లేస్తుందన్న బోధ ఈస్టరు రోజుకే పరిమితమైపోయింది. అపొస్తలులు రోజూ ప్రకటించింది అదే. సద్దూకయ్యులు వాళ్లని పట్టుకున్నదీ ఆ బోధ వల్లే. కానీ తల్లీ, లేచాక ఏమిటి? దానియేలు పన్నెండులో కొందరు నిత్యజీవానికి, కొందరు నిత్యనిందకి లేస్తారని ఉంది. ఆ రెండో మాటని ఎక్కడ దాచిపెడతావు?

మేనకోడలు: దాచను. శిక్ష లేదని నేను అనలేదు. ఎప్పటికీ ప్రాణం ఉంచి, ఎప్పటికీ కాలుస్తూనే ఉండటం దేవుని శిక్షేనా అని అడుగుతున్నాను. యేసు చెప్పిన నరకం వెనక యెరూషలేము పక్కనే ఉన్న హిన్నోము లోయ ఉంది. రాజుల కాలంలో అక్కడ పిల్లల్ని అగ్నికి బలిచ్చారు. అలాంటిది చేయమని నేను చెప్పలేదు, నా మనసులోకే రాలేదని దేవుడు యిర్మీయా నోట అన్నాడు. పసివాళ్లని కాల్చిన మంటని చూసి అంతగా అసహ్యించుకున్న దేవుడే, అంతకంటే పెద్ద మంట పెట్టి యుగయుగాలు మనుషుల్ని కాలుస్తాడా? మత్తయి పదిలో ఆత్మనీ దేహాన్నీ నరకంలో నశింపజేయగలవాడికి భయపడమన్నాడు. నశింపజేయటం. పాపానికి జీతం మరణమన్నాడు పౌలు. ప్రకటన గ్రంథం అగ్నిగుండానికి పెట్టిన పేరే రెండవ మరణం. సొదొమకి పడిన శిక్ష నిత్యాగ్ని అని యూదా పత్రికలో ఉంది. ఆ ఊరు ఇప్పుడు మండటం లేదు కదా.

మావయ్య: మత్తయి ఇరవై అయిదు చివరి వచనం చూడు. నీతిమంతుల జీవానికి, దుష్టుల శిక్షకి ప్రభువు నిత్యమన్న ఒకే మాట వాడాడు. జీవం విషయంలో అంతులేనిదని పట్టుకుని, శిక్ష దగ్గరికి వచ్చేసరికి కొన్నాళ్లేనని అనడం కుదరదు. ప్రకటన పద్నాలుగులో వాళ్ల బాధ పొగ యుగయుగాలు లేస్తుందని ఉంది, రాత్రింబవళ్లు విశ్రాంతి ఉండదని ఉంది. అగస్టీను దగ్గర్నుంచి నేటిదాకా సంఘంలో ఎక్కువమంది దీన్ని ఇలాగే చదివారు. నరకం గురించి బైబిల్లో అందరికంటే ఎక్కువ మాట్లాడింది ప్రభువే. ఆయనకంటే మనకి జాలి ఎక్కువ అనుకోకూడదమ్మా.

మేనకోడలు: వేదాంతి జాన్ స్టాట్ పేరు మీరే నాకు చెప్పారు. ఆయన పుస్తకాలు మీ బీరువాలో ఉన్నాయి. ఆయనే 1988లో, దుష్టులు చివరికి నశించిపోతారన్న అభిప్రాయానికి లేఖనంలో ఆధారం ఉందని, దాన్ని తోసిపుచ్చకూడదని రాశాడు. అది తుది తీర్పు అనలేదు, పిడివాదం చేయలేదు. ఆ వినయం మన వేదికల మీద ఉండాలని నా కోరిక. ఇంకో సంగతి. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ అయినప్పుడు రెండు నెలలకు పైగా ఆ మంట ఆరలేదు. నరకం ఇలాగే ఉంటుందని కూటాల్లో చెబితే జనం వణికిపోయి చేతులెత్తారని మీరే అంటారు. బావి మూసి మంట ఆర్పాక వాళ్లలో ఎంతమంది సంఘంలో మిగిలారు?

మావయ్య: కొద్దిమందే మిగిలారు. భయం మీద కట్టింది నిలవదని నాకూ తెలుసు. కానీ నువ్వు ఇంకో వైపు కూడా చూడాలి. నరకం లేకపోతే పీడించినవాడు గెలిచిపోతాడు. చుండూరు గుర్తుందా? 1991 ఆగస్టు ఆరు. ఎనిమిదిమంది దళితుల్ని తరిమి చంపారు, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఆ తల్లులకి నేను ఏం చెప్పాలి? తీర్పు అన్నది ఉత్త బెదిరింపని చెప్పాలా? మన పేటల్లో ముసలివాళ్లు బతికినంతకాలం మునసబుకీ మోతుబరికీ దండం పెట్టి బతికారు. పైన ఒక సింహాసనం ఉంది, దాని ముందు గొప్పవాళ్లూ కొద్దివాళ్లూ ఒకే వరసలో నిలబడతారు, గ్రంథాలు విప్పుతారు అన్నమాట వాళ్లకి అన్నంతో సమానం. నరకాన్ని తీసేస్తే ఆ అన్నం వాళ్ల నోటి దగ్గర లాగేసినట్టే.

మేనకోడలు: ఈ మాటకి నేను తల వంచుతాను మావయ్యా. ఆ తీర్పు నాకూ కావాలి. అది రాకపోతే దేవుడు నీతిమంతుడని నేను పాడలేను. అయితే అదే తీర్పులో కొలత కూడా ఉంది. యజమాని చిత్తం తెలిసి చేయని దాసుడికి ఎక్కువ దెబ్బలు, తెలియక చేసినవాడికి తక్కువ దెబ్బలు అని లూకా పన్నెండులో యేసే అన్నాడు. చుండూరులో గొడ్డలెత్తినవాడికీ, సువార్త చెవిన పడకుండా సముద్రంలో పోయిన జాలరికీ ఒకటే శిక్షని చెబితే అది న్యాయం ఎలా అవుతుంది?

మావయ్య: ఒకటేనని నేను ఎప్పుడూ చెప్పలేదు.

మేనకోడలు: మీరు చెప్పలేదు. నిన్న మైకులో చెప్పారు. మీరు ముందు వరసలో కూర్చుని ఆమేన్ అన్నారు.

మావయ్య: అలవాటుగా అన్నానమ్మా. సరే, ఈ ప్రశ్నని వదలకుండా అడుగు. విననివాళ్ల సంగతేమిటి? నాకూ ఇది నిద్ర పట్టనివ్వని ప్రశ్నే. 1836లో మిషనరీ గ్రోవ్స్ వెంట వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో సువార్త మొదలుపెట్టాయి. మన ముత్తాతల తాతలు అంతకుముందే పోయారు. వాళ్ల దాకా కబురే రాలేదు. అయినా తండ్రి దగ్గరికి రావడానికి తానే మార్గమని ప్రభువు అన్నాడు. ఆ వాక్యాన్ని పక్కన పెట్టి తలుపు అందరికీ బార్లా తెరిచే ఉందని నేను చెప్పలేను.

మేనకోడలు: తెరిచే ఉందని చెప్పమనడం లేదు. మూసేశారని చెప్పే హక్కు ఎవరిచ్చారని అడుగుతున్నాను. ధర్మశాస్త్రం లేనివాళ్ల మనస్సాక్షే వాళ్ల మీద నేరం మోపుతుంది లేదా తప్పు లేదంటుందని, మనుషుల రహస్యాల్ని దేవుడు క్రీస్తు ద్వారా విచారిస్తాడని పౌలు రోమా రెండులో రాశాడు. సొదొమ గురించి అబ్రాహాము, సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని దేవుణ్ణే నిలదీశాడు. దేవుడు కోపగించుకోలేదు. మీరు ఇందాక చెప్పిన మత్తయి ఇరవై అయిదులోనే గొర్రెల వైపు నిలబడినవాళ్లు, ప్రభువా నీకు ఎప్పుడు అన్నం పెట్టాం అని ఆశ్చర్యపోయారు. మేకల వైపు వాళ్లూ అలాగే ఆశ్చర్యపోయారు. ఆ రోజున ఎవరి లెక్క ఎటు తేలుతుందో వాళ్లకే తెలియనప్పుడు, కాట్రేనికోనలో మైకు పట్టుకున్నవాడికి ఎలా తెలుస్తుంది?

మావయ్య: తెలియదు. దుష్టుడు చస్తే నాకు సంతోషమా అని యెహెజ్కేలులో దేవుడే అడిగాడు. ఆ దుఃఖం లేనివాడు నరకం బోధించకూడదు. అయినా నువ్వు ఒక సంగతి మరిచిపోతున్నావు. ఆ ముసలామెకి కావాల్సింది నరకం ఉందా లేదా అన్న జవాబు కాదు. ఆమె బాధ వేరు. ఆమె భర్తకి సమాధి లేదు. సర్టిఫికెట్ కోసం తిరిగిన రోజుల్లో ఆమె వెంట నేనూ ఆఫీసులకి వెళ్లాను. మనిషి ఏడేళ్లు కనబడకపోతే తప్ప చట్టం చనిపోయినట్టు అనుకోదన్నారు. శవం ఏదమ్మా అని అడిగిన ప్రతిసారీ ఆమె సముద్రం వైపు చెయ్యి చూపించేది. ఇప్పటికీ సమాధుల పండుగనాడు అత్తగారి సమాధి పక్కన మట్టి సాపు చేసి, అక్కడో కొవ్వొత్తి పెడుతుంది. కింద ఎవరూ లేరు.

మేనకోడలు: ఈ సంగతి నాకు తెలియదు మావయ్యా. ఆమెకి మీరేం చెప్పారు?

మావయ్య: అప్పట్లో ఏమీ తోచలేదు. తర్వాత ప్రకటన ఇరవై చదువుతుంటే పదమూడో వచనం దగ్గర ఆగిపోయాను. తీర్పు రోజున సముద్రం తనలో ఉన్న మృతుల్ని అప్పగిస్తుందని అక్కడ ఉంది. మరణం, పాతాళం కూడా అప్పగిస్తాయి. కానీ సముద్రం పేరే ముందుంది. ఆ రోజుల్లో సరిగా పాతిపెట్టకుండా నీళ్లలో పోయినవాడికి గతి లేదని చాలామంది భయపడేవారు. యోహాను ఆ భయాన్ని కొట్టేశాడు. సమాధి లేనివాడు దేవుని లెక్కలోంచి జారిపోడు. చేపలు తిన్నా, ఇసకలో కలిసినా, అతన్ని పేరుపెట్టి లేపుతాడు. విత్తిన గింజకి దేవుడే శరీరం ఇస్తాడని కొరింథీయులకి పౌలు రాసింది అందుకే. గింజ ఎక్కడ పడిందో మనం చూపించలేకపోయినా ఆయన మరిచిపోడు.

మేనకోడలు: దాని తర్వాతి అధ్యాయంలోనే కొత్త భూమి వస్తుంది, సముద్రం ఇక ఉండదని ఉంది. చిన్నప్పుడు అది చదివి, చిర్రయానాం బీచీ ఉండదా అని ఏడ్చానని అమ్మ చెబుతుంది. పల్లంలోనూ బలుసుతిప్పలోనూ భర్తల్ని, కొడుకుల్ని పోగొట్టుకున్నవాళ్లకి మాత్రం అందులో ఓదార్పు ఉంది. మనుషుల్ని మింగే నీళ్లు అక్కడ ఉండవు. మరణం చివరి శత్రువని పౌలు అన్నాడు. అది దేవుని దూత అనో, మంచి కోసమే వచ్చిందనో చెప్పి ఏడ్చేవాళ్ల నోరు మూయలేదు. యేసు కూడా లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు.

మావయ్య: అంటే ఇక్కడ మనకి పేచీ లేదన్నమాట.

మేనకోడలు: ఇక్కడ లేదు. మిగతా పేచీ మాత్రం అలాగే ఉంది. దుష్టులు నశించిపోతారని నేను అనుకుంటున్నాను, అంతులేని శిక్ష పడుతుందని మీరు అనుకుంటున్నారు. కానీ నేను ఒక పని చేశాను. సువార్తల్లో యేసు తమవాళ్లని పోగొట్టుకున్నవాళ్లని కలిసిన ప్రతి చోటూ వెతికాను. యాయీరు కూతురు, నాయీను విధవరాలి కొడుకు, బేతనియలో మార్త సహోదరుడు. ఏడుస్తున్నవాళ్లలో ఒక్కరితో కూడా ఆయన నరకం మాట ఎత్తలేదు. విధవరాలిని ఏడవకు అన్నాడు. మార్తతో నీ సహోదరుడు మళ్లీ లేస్తాడన్నాడు. మరి నరకం మాట ఎవరితో అన్నాడు? సహోదరుణ్ణి ద్రోహీ అని తిట్టేవాళ్లతో అన్నాడు, చిన్నవాళ్లని ఆటంకపరిచేవాళ్లతో అన్నాడు, విధవరాళ్ల ఇళ్లు దిగమింగే శాస్త్రులతో, పరిసయ్యులతో అన్నాడు. మీరు మొదట తీసిన లూకా పదహారు కూడా ధనాపేక్ష గల పరిసయ్యులు వెక్కిరిస్తుంటే చెప్పిందే. ఆ ధనవంతుడి మీద మోపిన నేరం బాప్తిస్మం తీసుకోలేదని కాదు. గుమ్మం దగ్గర కురుపులతో పడున్నవాణ్ణి రోజూ దాటుకుని వెళ్లాడు.

మావయ్య: ఈ వరస నాకెప్పుడూ తట్టలేదు. ప్రభువు నరకాన్ని బలిసినవాళ్లకి బోధించాడు, మేము విధవలకి బోధిస్తున్నాం. పందిట్లో ముందు కుర్చీల్లో చెరువుల ఆసాములూ వడ్డీ వ్యాపారులూ కూర్చుంటే వాళ్లకి ఆశీర్వాదం చెబుతాం, వెనక చాప మీద కూర్చున్న ముసలామెకి అగ్ని చెబుతాం. తల్లకిందులుగా చేస్తున్నాం.

మేనకోడలు: మరి రేపటి జ్ఞాపకార్థ కూటంలో వాక్యం మీదేనట. ఏం చెబుతారు?

మావయ్య: నిత్యశిక్ష ఉందని నేను నమ్ముతున్నాను, దాన్ని మార్చుకోమని నువ్వూ అడగలేదు. అయితే పోయిన మనిషి పేరు పట్టుకుని అతను ఎక్కడున్నాడో ప్రకటించను. అది న్యాయాధిపతి పని. ఆమె పక్కన కూర్చుని ప్రకటన ఇరవై చదువుతాను, సముద్రం ఆమె భర్తని ఎప్పటికీ దాచుకోలేదని చెబుతాను. ఆ తర్వాత మొదటి కొరింథీ పదిహేను. లూకా పదహారుని కూడా వదలను. దాన్ని ముందు వరస వైపు తిరిగి చదువుతాను.